లేదు, కనబడలేదు

ఫిబ్రవరి 4

ఇవాళ వీధి కుళాయిలో తేటనీళ్ళు వచ్చాయి. గ్లాసు ఎత్తి చూస్తే అవతలి గోడ మీది పగులు కూడా కనబడింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఈ కుళాయిలో పసుపు నీళ్ళు తప్ప చూసి ఎరగను. అత్తయ్య గ్లాసు అందుకుని, కళ్ళజోడు పైకి తోసి, కిందికి లాగి, మళ్ళీ పైకి తోసి చూసింది.

"ఏం కలిపారే ఇందులో?"

"కలపడం కాదత్తయ్యా, తీశాం."

"తీసి ఎక్కడ పెట్టారు?"

అత్తయ్యతో ఇదే గొడవ. ఏదీ ఊరికే ఒప్పుకోదు. గోడ వెనక మూతపడిన పూతల ఫ్యాక్టరీ కథ ఆవిడకి నాకంటే బాగా తెలుసు. సైకిల్ హ్యాండిళ్ళకీ కుళాయిలకీ మెరుపు పూత వేసేవాళ్ళు. ఆ తొట్లు ఏళ్ళ తరబడి కారాయి. క్రోమియం నేలలోకి దిగింది, నేలలోంచి మా వీధి బోరులోకి వచ్చింది. అప్పట్నుంచీ వీధి వీధంతా టాంకరు నీళ్ళ మీదే బతుకుతోంది. బోరు నీళ్ళు గచ్చు కడగడానికి, అంతే. నేను పనిచేసే, నేలా నీళ్ళూ శుభ్రం చేసే కంపెనీ వచ్చి ఫ్యాక్టరీ ఆవరణలో మట్టి తవ్వి లారీలకెత్తింది. మట్టినయితే ఎత్తొచ్చు. కింద పారే నీటిని ఏ లారీకెత్తుతాం? అందుకే గొట్టాలు దింపి బెల్లం మడ్డి పోస్తున్నాం.

"విషానికి తీపి పెడితే వెళ్ళిపోతుందా?" అంది అత్తయ్య.

"తీపి విషానికి కాదు, నేలలో ఉండే సూక్ష్మజీవులకి. అవి మడ్డి తిని అక్కడున్న గాలంతా వాడేసుకుంటాయి. గాలి లేనిచోట క్రోమియం నీళ్ళలో కరిగి ఉండలేదు. మట్టికి అంటుకుని కూర్చుండిపోతుంది."

"అంటే పోలేదు. కూర్చుంది."

"కూర్చుంటే నీళ్ళలోకి రాదు కదా."

"కూర్చున్నది లేవదా?"

లేవదు అన్నాను. చాలాకాలం లేవదు అని ఉండాల్సింది. ఆవిడ అప్పటికే గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 6

ల్యాబ్ రిపోర్టు వచ్చింది. క్రోమియం ఎదురుగా అంకె లేదు, ఒక మాట ఉంది. ఆ మాటనే వీధి మొదట్లో మా ఆకుపచ్చ బోర్డు మీద తెల్ల పెయింటుతో రాశాను. "క్రోమియం: కనబడలేదు."

పెయింటు ఆరకముందే ఇస్త్రీ బండి ఆయన పెట్టె పక్కన పెట్టి వచ్చాడు.

"కనబడలేదంటే లేదనా, మీకు కనబడలేదనా?"

"మిషన్‌కి కనబడలేదు."

"మరి మిషన్‌కి కళ్ళజోడు పెట్టించండి. మా ఇంట్లో తాళంచెవి రోజూ కనబడదు. లేదని ఊరుకుంటామా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. స్కూలు వ్యాను డ్రైవరు ఇంకో మెట్టు ఎక్కాడు. దొంగ కనబడలేదంటే దొంగ లేడనా, దాక్కున్నాడనా అన్నాడు. పొద్దున మొదలైన నవ్వులాట మధ్యాహ్నానికి భయంగా మారింది. ఎవరో మా ఆఫీసుకి ఫోను చేశారు. పెద్దసారు నాకు చేశారు.

"ఆ మాట మార్చండి. లేదు అని రాయండి. రెండూ ఒకటేగా."

"ఒకటి కాదు సార్. మిషన్ పట్టుకోగలిగినదానికంటే తక్కువ ఉందని అర్థం."

"అదంతా బోర్డు మీద పడుతుందా?"

పట్టదు. ఆయన చెప్పిందీ నిజమే. పైగా ఈ ఉద్యోగం నాకు వచ్చిందే ఈ వీధి కోడలిని కాబట్టి. చదువు నాది, నమ్మకం వీధిది అని ఇంటర్వ్యూలోనే చెప్పారు. థిన్నరు తెచ్చి గుడ్డతో తుడిచి, అక్కడే "లేదు" అని రాశాను. తుడిచినచోట ఆకుపచ్చ కొంచెం వెలిసింది. ఎవరూ గమనించరు.

ఫిబ్రవరి 7

లేదు. బోర్డు మీద చూడ్డానికి బాగానే ఉంది. పొట్టి మాట.

ఫిబ్రవరి 10

"లేదు" అని రాసినా ఎవరూ తాగలేదు. తేటనీళ్ళు బిందెలకి పట్టుకుంటారు, వాసన చూస్తారు, మొక్కలకి పోస్తారు. ముందు నువ్వు తాగు అంటే నువ్వు తాగు అని ఒకళ్ళనొకళ్ళు ముందుకి తోసుకుంటున్నారు.

ఇవాళ పొద్దున అత్తయ్య జడ వేసుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఇంట్లో పెద్ద గ్లాసు పట్టుకుని కుళాయి దగ్గరికి నడిచింది. క్యూలో ఉన్నవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. గ్లాసు నింపింది. ఎత్తిపట్టి గుటకలు వినబడేలా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని, "మా కోడలు చెప్పాక ఇంకేంటి?" అంది. గ్లాసు బోర్లించి పట్టుకుని వెనక్కి నడిచి వచ్చేసింది.

ఆ తర్వాత వీధంతా తాగింది.

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకున్న మాట నాకు గుర్తులేదు. ఉప్పు ఎక్కువైతే ఉప్పెక్కువైందంటుంది, సరిపోతే మాట్లాడదు. మా ఆయన డిపో నుంచి వచ్చాక చెబితే, "మా అమ్మ నాకు కూడా ఇంత మర్యాద ఇవ్వలేదు. కాస్త నీ ఉద్యోగం నాకిప్పించు" అన్నాడు. పోనీ, ఒక్క రోజు గర్వపడితే తప్పేంటి?

ఫిబ్రవరి 15

ఆడపడుచు పాపని తీసుకుని వచ్చింది, రెండు నెలలు ఇక్కడే ఉంటుంది. పాపకి పాలు చాలక డబ్బాపాలు పడుతున్నారు. డబ్బా, చెంచా, సీసాలు, వాటిని కడిగే బ్రష్షు, అన్నీ కలిపి వంటింటి గట్టు సగం ఆక్రమించాయి. "మీ వీధి నీళ్ళు బాగుపడ్డాయట కదా వదినా, లేకపోతే వచ్చేదాన్నే కాదు" అంది.

బకెట్ అడుగున ఎర్రటి మరక. పీచుతో తోమితే పోయింది, సాయంత్రానికి మళ్ళీ వచ్చింది. పైపు తుప్పు.

టాంకరు నెలాఖరుకి ఆపేస్తారట. నీళ్ళు పరీక్షించిన మనిషిగా కాగితం మీద నా సంతకం కావాలన్నారు. సరే అన్నాను. ఎందుకు అనకూడదు?

ఫిబ్రవరి 18

ల్యాబ్ ఆవిడ ఫోను చేసింది. ఆఫీసు నంబరుకి కాదు, నా నంబరుకి.

"మీరు అడిగింది క్రోమియం ఒక్కటే. మిషన్ మాత్రం లోహాలన్నీ చూస్తుంది. అడగనిది నేను రిపోర్టులో రాయకూడదు. కానీ మీరా వీధిలోనే ఉంటారని గుర్తొచ్చింది" అంది. ఆర్సెనిక్ అంది. తాగేనీటి హద్దుకి ఎన్నో రెట్లు అంది.

తెలుగులో దాని పేరు పాషాణం. నా చేత్తో ఆ మాట రాయడం ఇదే మొదటిసారి. తిట్టుగా వినడమే తప్ప.

ఫిబ్రవరి 19

బాటిల్ తప్పు. పాత బాటిల్ సరిగా కడిగి ఉండరు. లేదా వేరేచోటి బాటిల్‌కి మా లేబుల్ అంటించి ఉంటారు. ఫ్యాక్టరీలో పాషాణం ఎప్పుడూ వాడలేదు. ఎవరూ పోయనిది ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఫిబ్రవరి 20

కొత్త బాటిల్. నేనే కడిగాను, నేనే నింపాను, నేనే మూత బిగించాను. డ్రైవరుకి ఇవ్వకుండా నేనే ల్యాబుకి పట్టుకెళ్ళాను.

తిరిగొస్తుంటే దారిలోనే తెలిసిపోయింది. తెలిసిపోయింది అనడం కూడా కాదు, తెలిసిందే. చదువుకునే రోజుల్లో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. గాలి లేకపోతే క్రోమియం కూర్చుంటుంది. గాలి లేకపోతే మట్టిలో ఇనుము లేస్తుంది. ఇనుముని పట్టుకుని ఎన్నాళ్ళనుంచో కూర్చున్న పాషాణం దాంతోపాటే లేస్తుంది. ఎవరూ పోయలేదు. ఈ నేల పుట్టినప్పట్నుంచీ ఉంది, ఎవరి జోలికీ పోకుండా ఉంది. మేం బెల్లం పెట్టి ఒకదాన్ని కూర్చోబెట్టి ఇంకోదాన్ని లేపాం.

బకెట్‌లో ఎర్ర మరక పైపుది కాదు.

అయినా రిపోర్టు రానీ. ఊహల మీద ఎవరినీ భయపెట్టకూడదు. ఇది నేనే అందరికీ చెప్పే మాట.

ఫిబ్రవరి 21

"నీళ్ళు కాచుకుని తాగండి" అన్నాను ఇంట్లో.

ఎందుకన్నాను? కాస్తే లోహం పోదు. నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఈ మాట ఇంకెవరైనా అని ఉంటే నవ్వేదాన్ని.

అత్తయ్య కాచింది. చల్లార్చి నాకే మొదటి గ్లాసు ఇచ్చింది. తాగాను.

ఫిబ్రవరి 24

అదే అంకె. కొంచెం ఎక్కువే.

పెద్దసారు గదికి వెళ్ళి తలుపు వేశాను. ఆయన కోప్పడతారనుకున్నాను, కోప్పడలేదు. నాకు కుర్చీ చూపించి, కిటికీలోంచి గొట్టాల వైపు చాలాసేపు చూశారు. ఆయన ముఖం చూస్తే నిద్రపోయి చాలా రోజులైనట్టుంది. నాకప్పుడు అనుమానం వచ్చింది, ఆ ల్యాబ్ ఆవిడ నాకొక్కదానికే ఫోను చేసిందా అని.

"మడ్డి ఆపేస్తే?" అన్నాను.

"ఆపితే మెల్లగా గాలి తిరిగొస్తుంది. మీరు చెప్పేది మళ్ళీ మట్టికి అంటుకుంటుంది."

పాషాణం పేరు ఆయన పలకలేదు. మీరు చెప్పేది అన్నారు.

"అయితే ఆపేద్దాం సార్."

"సగంలో ఆపితే మిగిలిన క్రోమియం మళ్ళీ నీళ్ళలోకి వస్తుంది. ఇంతకాలం చేసినదంతా బూడిదలో పోసినట్టే."

"పోనీ ఆపొద్దు. పూర్తయ్యేదాకా తాగొద్దని చెబుదాం."

"చెబితే రేపు పొద్దున వీధంతా మన గేటు ముందు కూర్చుంటుంది. పని ఆగుతుంది. ఎక్కడ ఆగుతుంది? సగంలో. మీరు చెప్పిన దారులన్నీ తిరిగి అక్కడికే వస్తాయి. మనల్ని అడిగింది క్రోమియం గురించి. అడగని ప్రశ్నకి జవాబు చెప్పే అధికారం నాకు లేదు, మీకు అసలే లేదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మా పని చేసేవాళ్ళకి ఈ సామెత అక్షరాలా వర్తిస్తుంది. నవ్వొచ్చింది. ఆయన ముందు నిజంగానే నవ్వాను. ఆయన ఏమనుకున్నారో.

ఆయన చెప్పిన ప్రతి ముక్కా నిజమే. అదే నాకు అర్థం కావడం లేదు. ప్రతి ముక్కా నిజమై, మొత్తం కలిపితే తప్పెలా అవుతుంది?

ఫిబ్రవరి 25

ఇంట్లో చెప్పాలి. వీధికి కాకపోయినా ఇంట్లో చెప్పాలి. కానీ మా ఆయనకి చెబితే వాళ్ళమ్మకి చెప్పినట్టు. వాళ్ళమ్మకి చెబితే వీధికి చెప్పినట్టు. అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు.

ఆడపడుచు పాలు కలపబోతోంది. వంటింట్లో నేనూ, తనూ, పీట మీద అత్తయ్య. ఇదే అదను అనుకున్నాను.

"పాపకి టాంకరు నీళ్ళు వాడరాదూ?" అన్నాను.

చెంచా ఆగింది. "ఎందుకు వదినా? లేదని నువ్వే కదా రాశావ్?"

ఇద్దరూ నా వంక చూశారు. పాషాణం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కక్కలేను, మింగలేను.

"ఏం లేదు. చిన్నపిల్ల కదా, అలవాటైన నీళ్ళయితే కడుపులో తేడా చేయదని" అన్నాను.

"అలవాటేంటి, పుట్టినప్పట్నుంచీ దానికి ఊరూరి నీళ్ళూ అలవాటే" అని నవ్వింది ఆడపడుచు. అత్తయ్య నవ్వలేదు. "పాలు నేను కలుపుతాలే, నువ్వెళ్ళి పిల్లని ఎత్తుకో" అని కూతుర్ని వంటింట్లోంచి పంపించేసింది. సీసా ఆవిడ చేతిలో ఉంది. నేను వెనక్కి తిరిగి నా గదిలోకి వచ్చేశాను. చూస్తూ నిలబడలేకపోయాను. ఈ పేజీ రాస్తుంటే పాప గుటకలు వినబడుతున్నాయి.

రేపు చెబుతాను.

ఫిబ్రవరి 26

రేపు.

ఫిబ్రవరి 27

చెప్పలేదు. పొద్దున మా ఆయన డిపోకి తొందరగా వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం పక్కింటావిడ కూర్చుంది. సాయంత్రం అత్తయ్యకి తలనొప్పి. ఇవన్నీ నిజాలే. పెద్దసారుకే కాదు, నాకు కూడా నిజాలు బాగానే దొరుకుతున్నాయి.

అత్తయ్యకి తలనొప్పి ఎందుకొచ్చింది? తలనొప్పులు అందరికీ వస్తాయి. నాకు రాలేదూ మొన్న?

రేపు సంతకం పెట్టాలి. పెడితే టాంకరు ఆగుతుంది. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదంటారు. ఎందుకో చెప్పాలి. చెప్పడానికి అధికారం లేదు. తిరిగి తిరిగి అక్కడికే.

ఒక సంగతి మాత్రం తల పగిలేలా తిరుగుతోంది. నీళ్ళు పసుపుగా ఉన్నన్నాళ్ళూ ఈ వీధిలో ఒక్కరు కూడా తాగలేదు. వాటిని చెడగొట్టినవాళ్ళు రంగు కూడా వేసి పెట్టారు. మేం బాగుచేశాం, అందరూ తాగుతున్నారు.

ఫిబ్రవరి 28

చేసేశాను.

స్టోరులో ఒక రంగు పొడి ఉంటుంది. నేల కింద నీరు ఎటు పారుతోందో తెలుసుకోవాలంటే ఒక బోరులో అది వేసి, ఇంకో బోరులో ఎప్పుడు తేలుతుందా అని చూస్తాం. మనిషికి హాని లేదు. చిటికెడు వేస్తే చాలు, మా కుళాయికి నీళ్ళొచ్చే ట్యాంకు నిండా పసుపే. చిటికెడు కాదు, గుప్పెడు తీసుకున్నాను.

దొంగతనంగా వెళ్ళాల్సిన పని కూడా లేకపోయింది. ట్యాంకు తాళంచెవి ఉండేదే నా దగ్గర. బాటిళ్ళ సంచి భుజాన వేసుకుని మిట్టమధ్యాహ్నం నిచ్చెన ఎక్కుతుంటే ఇస్త్రీ బండి ఆయన "జాగ్రత్తమ్మా, మెట్టు కదులుతోంది" అని కింద పట్టుకున్నాడు కూడా. మూత తీశాను. నీళ్ళలో నా ముఖం కనబడింది. పొడి వేశాను. ముఖం పోయింది.

ఇది మోసం. తప్పుడు రంగు. లేని క్రోమియాన్ని ఉందని చెప్పడం.

ఇది మోసం కాదు. తాగకూడదు అన్న మాట నిజమే కదా. అబద్ధం చెప్పి నిజం నమ్మిస్తే అది ఏ లెక్కలోకి వస్తుంది? ఎవర్నైనా అడగాలనుంది. అడగడానికి మనిషి లేడు.

సంతకం సాయంత్రం పెట్టమన్నారు. పెన్ను తీసుకెళ్ళడం మర్చిపోయానని చెప్పి వచ్చేశాను. ఆఫీసులో పెన్నులు లేవా?

మార్చి 1

పొద్దున్నే కుళాయి దగ్గర కేక. తర్వాత ఇంకో కేక. లేచి వెళ్ళేసరికి వీధి వీధంతా అక్కడే ఉంది. బిందెలు, బకెట్లు, గ్లాసులు, అన్నిట్లోనూ పసుపు. నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ పసుపు. చిటికెడు చాలని నాకు తెలిసి కూడా గుప్పెడు ఎందుకు వేశానో.

"విషం లేచిందిరోయ్!" అని ఎవరో అరిచారు. కూర్చున్నది లేచింది అన్నారు ఇంకెవరో. అత్తయ్య వీధికి ఆ కథంతా చెప్పినట్టుంది. నన్ను చూసి కొందరు తల తిప్పుకున్నారు, కొందరు మీదికొచ్చారు. స్కూలు వ్యాను డ్రైవరు బిందె నా కాళ్ళ దగ్గర గుమ్మరించాడు. పోయిన నెల ఇదే మనిషి వాళ్ళ పిల్లల చేత నాకు దండం పెట్టించాడు. ఒక్క గ్లాసు కూడా ఎవరూ నోటి దగ్గరికి తీసుకెళ్ళలేదు. నేను తిట్లు తింటూ అదొక్కటే చూశాను.

పెద్దసారు జీపులో వచ్చారు. చేతి కిట్‌తో అక్కడికక్కడే క్రోమియం చూశారు. రాలేదు. మళ్ళీ చూశారు. రాలేదు. సీసా ఎండకి ఎత్తిపట్టారు. పసుపులో ఎక్కడో ఆకుపచ్చ మెరుపు.

"ఇదివరకటి పసుపులా లేదే" అన్నారు నెమ్మదిగా.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి. గోళ్ళ సందుల్లో రంగు ఎంత తోమినా పోలేదు. ఆయన చూశారు. చూశారనే అనుకుంటున్నాను. నా చేతులున్న వైపే చూస్తూ నిలబడ్డారు. జనం మాత్రం "ఏంటి సార్ ఇది, ఏంటి సార్" అంటూనే ఉన్నారు.

అప్పుడు అందరికీ వినబడేలా అన్నారు. "రంగుంది, క్రోమియం లేదు. అంటే నీళ్ళలో ఇంకేదో ఉంది. ఏముందో తేలేదాకా ఎవరూ తాగొద్దు. టాంకరు ఆగదు." తర్వాత నా వైపు తిరిగి, "బాటిళ్ళు నింపండి. లోహాలన్నీ చూడమని రాయండి. నేను సంతకం పెడతాను" అన్నారు.

ఇప్పుడు అడిగారు. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పొచ్చు.

ఆయనకి తెలిసిందా? తెలిసే అడిగారా? తెలియక అడిగారా? జీపు ఎక్కుతూ, "నిమ్మకాయతో రుద్దుకుంటే చేతులు శుభ్రపడతాయి" అన్నారు. అది మామూలు మాటో, కాదో.

మార్చి 2

నిన్నటిది నిన్న పూర్తిగా రాయలేకపోయాను.

బాటిళ్ళు ల్యాబుకి పంపి ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. ఆడపడుచు పాపని నిద్రపుచ్చుతూ ముఖం తిప్పుకుంది. అత్తయ్య మాత్రం నా కోసం మంచం మీద చోటు చేసి కూర్చోమంది. నా వీపు మీద చెయ్యి వేసింది. ఈ ఇంట్లో ఆ చెయ్యి నా వీపు మీద పడటం అదే మొదటిసారి.

"పోనీలేమ్మా. నువ్వు చెయ్యాల్సింది చేశావ్. బెల్లం పనిచెయ్యకపోతే నీ తప్పా? వాళ్ళన్న మాటలు మనసులో పెట్టుకోకు" అంది.

నేను చేసిన దానికి నన్నే ఓదార్చడం. భరించలేకపోయాను. పాప, పాప అన్నాను. పాప ఇన్నాళ్ళూ ఈ నీళ్ళే తాగింది అత్తయ్యా అన్నాను.

"పాప తాగలేదు."

మంచం కింద నుంచి మూత పెట్టిన బిందె ముందుకి లాగింది. టాంకరు నీళ్ళు. రోజూ పట్టి దాచి, పాలు ఆ నీళ్ళతోనే కలిపిందట. కూతురికి కూడా చెప్పలేదట.

"నువ్వు బోర్డు మీద మొదట ఏదో రాసి తుడిచేశావు కదా. మంచి మాటే అయితే తుడిచేదానివి కాదనుకున్నాను. మొన్న టాంకరు నీళ్ళు వాడమన్నావే, అప్పుడు గట్టిపడింది."

"అయితే మీరెందుకు తాగారు?"

అరిచాను. పాప లేచింది. ఆడపడుచు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అందరూ చూస్తున్నారు" అంది అత్తయ్య. "కోడలి మాట అత్తే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారే? నీ పరువు పోతుందని తాగాను. ఓ గ్లాసేగా అనుకున్నాను. తర్వాత మానేస్తే మళ్ళీ అడుగుతారు. అందుకని రోజూ తాగాను."

తలుపు గొళ్ళెం పెట్టి ముగ్గురికీ చెప్పాను. మా ఆయన అప్పటికి వచ్చి, బూట్లు విప్పకుండా విన్నాడు. మడ్డి, ఇనుము, పాషాణం, పెద్దసారు, రంగు పొడి, నా గోళ్ళు. ఎక్కడ మొదలుపెట్టానో ఎక్కడ ఆపానో గుర్తులేదు. ఒకటి రెండు సార్లు వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పాను. ఆడపడుచు పాపని గుండెకి హత్తుకుని వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. మా ఆయన, "ఇన్నాళ్ళూ మా అమ్మ తాగుతుంటే చూస్తూ కూర్చున్నావా?" అన్నాడు. చూస్తూ కూర్చున్నాను, అంతే.

అత్తయ్య కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

"నిన్ను నమ్మి నేను తాగలేదు, అది వేరే సంగతి" అంది చివరికి. "నన్ను చూసి తాగినవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళకెవరు చెబుతారు?"

"రిపోర్టు వస్తుంది. కంపెనీ వాళ్ళు బోర్డు మీద..."

"బోర్డు చూసి ఎవడు తాగాడే?"

లేచి చెప్పులు వేసుకుంది. మా ఆయన "అమ్మా, ఉద్యోగం పోతుంది దానికి" అన్నాడు. పోతుందేమో అంది అత్తయ్య, నా వైపు చూస్తూ, నన్ను అడుగుతున్నట్టు. నేను కూడా చెప్పులు వేసుకున్నాను. ధైర్యం వచ్చి కాదు. ఆవిడ ఒక్కతే వెళుతుంటే ఇంట్లో కూర్చోలేక.

పక్కింటి గుమ్మం ముందు నిలబడ్డాం. లోపల పిల్లలు ఏదో పాఠం చదువుకుంటున్నారు. చెప్పులు వేసుకుంటూ ఏం చెప్పాలో పేర్చుకున్న మాటలన్నీ అక్కడికి వచ్చేసరికి కలగాపులగమైపోయాయి. ముందు పాషాణం అనాలా, ముందు క్షమించమనాలా, ముందు రంగు నేనే వేశాననాలా? నేను తేల్చుకోలేక నిలబడి ఉంటే, అత్తయ్యే తలుపు కొట్టింది.